మేము దాచిన ఆపరేషన్



మేము భార్యాభర్తలము. బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది మాలో ఒకరికే. అబద్ధం చెప్పింది మాత్రం ఇద్దరమూ. అందుకే ఈ సాక్ష్యాన్ని ‘మేము’ అని కలిసి వ్రాస్తున్నాము. ఎక్కడైనా ‘ఆమె’ అంటే మాలో భార్య అనీ, ‘ఆయన’ అంటే భర్త అనీ గ్రహించ మనవి.

మా సంఘంలో ఈ సంగతి నోటితో ఒప్పుకొని కొన్నేళ్ళయింది. ఆ తరువాత వేరే ఊళ్ళ సంఘాల నుండి కూడా కొందరు సహోదరీలు రహస్యంగా మా ఇంటికి వచ్చి, తలుపు వేయమని అడిగి, మెల్లగా ప్రశ్నలు వేశారు. ఆ తలుపు వేయవలసిన అవసరం ఎవరికీ రాకూడదనే ఆశతో ఇప్పుడు పత్రికలో వ్రాస్తున్నాము.

విరిగిన కుర్చీ

వివాహమైన నాటికి ఆమె బరువు 58 కిలోలు. రెండవ కాన్పు తరువాత 80 దాటింది. 2021 నాటికి 112 కిలోలు. ఎత్తు 158 సెంటీమీటర్లు. షుగరుకు రెండు పూటలా మాత్రలు, బి.పి.కి ఒక మాత్ర. గుడి మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్ళు పట్టుకొని ఆగవలసి వచ్చేది. రాత్రివేళ గురకపెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయినట్లయ్యేది. ఆయన లేచి కూర్చొని, మళ్ళీ ఊపిరి తీసే వరకు చీకటిలో ప్రార్థించేవారు.

తగ్గడానికి ప్రయత్నించలేదని అనుకోవద్దు. తెల్లవారుజామున నడక, అన్నం మాని జొన్నరొట్టె, నిమ్మరసంలో తేనె, ఎవరో అమ్మిన పొడులు అన్నీ అయ్యాయి. ఒక సంవత్సరం శ్రమదినాలలో నలభై రోజులూ ఒంటిపూట భోజనం చేసి 9 కిలోలు తగ్గింది. ఆ క్రిస్మసు నాటికి 12 కిలోలు పెరిగింది.

2019 సెమీ క్రిస్మసు నాడు సండేస్కూలు పిల్లల నాటిక జరుగుతుండగా ఆమె కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు విడిపోయి విరిగింది. పిల్లలు నవ్వారు. పిల్లలు నవ్వుతారు, వారి తప్పేమీ లేదు. కాని పెద్దలు కూడా నవ్వారు. ఆనాటి నుండి ఎక్కడికి వెళ్ళినా కూర్చునే ముందు కుర్చీ కాళ్ళు చూసుకోవడం ఆమెకు అలవాటైంది.

మరికొన్నాళ్ళకు ఒక ఆదివారం ప్రసంగంలో న్యాయాధిపతుల కాలపు ఎగ్లోను రాజు వృత్తాంతం వచ్చింది. అతడు మిక్కిలి స్థూలకాయుడు. ప్రసంగీకుడు చేతులు చాపి ఆ రాజు పొట్ట ఎంత ఉండి ఉంటుందో చూపించారు. సంఘమంతా నవ్వింది. ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి ఆమె వైపు చూశారు. తరువాతి రెండు ఆదివారాలు ఆమె ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉండిపోయింది.

ఇది అవిశ్వాసమా?

2021లో షుగరు మాత్రలకు లొంగకపోవడంతో డాక్టరుగారు మొదటిసారి ఆపరేషన్ మాట ఎత్తారు. బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలో వర్గం చేసి భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. ఆమె లెక్క దాదాపు 45 వచ్చింది. 1991లో అమెరికా వైద్య నిపుణులు నిర్ణయించిన కొలత ప్రకారం 40 దాటినవారు, లేదా 35 దాటి షుగరు వంటి తీవ్రమైన జబ్బులున్నవారు ఈ ఆపరేషన్‌కు తగినవారు. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఈ హద్దును ఇంకా తగ్గించి, మనవంటి ఆసియావాసులకు 27.5 నుండే దీనిని గూర్చి ఆలోచించవచ్చునన్నాయి. మన శరీరాలకు తక్కువ బరువులోనే షుగరు వచ్చే స్వభావముండడమే అందుకు ముఖ్య కారణం.

ఇంటికి వచ్చి మేము వారం రోజులు దానిని గూర్చి మాట్లాడుకోలేదు. మా ఇద్దరి మనసులోనూ ఒకే ప్రశ్న ఉంది. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకోవడమా? ప్రార్థనతో కానిది కత్తితో చేయించుకోవడం అవిశ్వాసం కాదా?

రెండవసారి వెళ్ళినప్పుడు ఆ ప్రశ్ననే డాక్టరుగారి ముందు పెట్టాము. ఆయన మన విశ్వాసం కానివారు. నవ్వకుండా, విసుక్కోకుండా జవాబిచ్చారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారట. అది ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. తిండి తగ్గించి బరువు తగ్గినవారిలో అది ఇంకా పెరుగుతుంది. పోయిన బరువును తిరిగి తెచ్చుకోవాలని శరీరమే పట్టుబడుతుంది. “మీ నలభై రోజుల ఉపవాసం తరువాత జరిగింది అదేనమ్మా. మీరు ఓడిపోయిన యుద్ధంలో అవతలివాడు చాలా బలమైనవాడు” అన్నారు.

ఆమె అక్కడే ఏడ్చింది. అన్ని సంవత్సరాలలో ఎవరూ ఆమెతో అలా మాట్లాడలేదు. తిండిపోతుతనం దోషమే, మేము కాదనము. అయితే మనిషి బరువును చూసి అతని కంచాన్ని లెక్కగట్టే అధికారం ఎవరికుంది? సువార్త వ్రాసిన లూకా వైద్యుడని మనమందరమూ ఎరుగుదుము. షుగరుకు మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానప్పుడు, ఆ షుగరు మూలాన్ని వైద్యంతో సరిచేసుకోవడం అవిశ్వాసం ఎలా అవుతుందని ఆ రాత్రి మేము మొదటిసారి ఆలోచించాము.

ఈ తలంపును మా కాపరిగారితో పంచుకోవలసింది. సిగ్గుపడి పంచుకోలేదు. మా పొరపాటు అక్కడ మొదలైంది.

కడుపు చిన్నదైంది

ఈ రకం శస్త్రచికిత్స కొత్తది కాదు. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే పద్ధతిని 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టారు. స్వీడన్ దేశంలో 1987 నుండి కొన్ని వేలమందిని గమనిస్తూ వచ్చిన వైద్యులు, ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయని 2007లో ప్రకటించారు.

ఆమెకు చేసినది స్లీవ్ అనే పద్ధతి. పొట్టమీద చిన్న రంధ్రాలు చేసి, కెమెరా సాయంతో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు కోసి తీసివేస్తారు. మిగిలినది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా ఉంటుంది. తీసిన భాగాన్ని మళ్ళీ పెట్టడం సాధ్యం కాదు. కుట్టిన చోట కారడం, రక్తస్రావం, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం వంటి ప్రమాదాలున్నాయి. ప్రాణాపాయం అరుదే గాని బొత్తిగా లేదని చెప్పలేమని సర్జనుగారు చెప్పి సంతకాలు తీసుకున్నారు. ఆ కాగితం మీద ఆయన చెయ్యి వణికింది.

ఖర్చు మూడు లక్షలు దాటింది. ఆరోగ్య బీమాలో ఈ ఆపరేషన్‌కు ఏ షరతులమీద డబ్బు ఇవ్వాలో 2019లో బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించింది గాని, మాకు పాలసీ లేదు. ఆమె గాజులు, ఆయన పి.ఎఫ్. అప్పు కలిపి కట్టాము.

2022 ఫిబ్రవరి 21న ఆపరేషన్ జరిగింది. అంతకు ముందు రెండు వారాలు అన్నం, తీపి మాన్పించారు. అలా చేస్తే కాలేయం కాస్త కుంచించుకొని సర్జనుకు చోటిస్తుందట. ఆపరేషన్ గంటన్నర పట్టింది. ఆ సాయంత్రమే నర్సమ్మ వచ్చి లేపి నడిపించింది. నొప్పితో కళ్ళు తిరుగుతున్నా వరండాలో పది అడుగులు వేయక తప్పలేదు. రక్తం గడ్డకట్టకుండా నడకే మందని చెప్పారు. మరునాడు మందు కొలిచే చిన్న మూతతో నీళ్ళిచ్చారు. 30 మిల్లీలీటర్లు. దానిని పావుగంట చప్పరించమన్నారు. ఒక్క గుక్కలో చెంబు ఖాళీ చేసే మనిషికి ఆ మూతెడు నీళ్ళతో గుండెలదాకా నిండిపోయింది.

నాలుగవ రోజున ఇంటికి వచ్చాము. ఇంకొన్నాళ్ళు పొట్టకు వేయవలసిన ఇంజెక్షన్ ఆయనే నేర్చుకొని వేశారు.

కంచం ముందు కన్నీళ్ళు

మొదటి రెండు వారాలు నీళ్ళు, పలుచని మజ్జిగ, పప్పుకట్టు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. తరువాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి. ఆ తరువాత మెత్తని ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, చేప. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు పోవాలి. అన్నానికి ముందు అరగంట, తరువాత అరగంట నీళ్ళు ముట్టకూడదు. విటమిను మాత్రలు, ఐరన్, క్యాల్షియం, బి12 జీవితాంతం వేసుకోవాలి. ఏటా రక్తపరీక్ష చేయించాలి.

చెప్పడానికి ఇది నాలుగు వాక్యాలు. బ్రతకడానికి చాలా పెద్దది. మా ఇంట్లో ప్రేమను కంచంలో వడ్డించడం అలవాటు. కోపం పోయిందని చెప్పడానికి ఆయన బజ్జీలు తెచ్చేవారు. బాధలో ఉన్నవారికి ఆమె గారెలు వండేది. ఆయన తల్లిగారు “ఇంకొక్క ముద్ద తినవే తల్లీ” అనకుండా ఏ భోజనమూ ముగించలేదు. ఇప్పుడు ఆ ఒక్క ముద్దే ప్రాణం మీదికి తెస్తుంది. ఒకరోజు ఆదరాబాదరాగా సగం ఇడ్లీ మింగి ఆమె గంటసేపు వాంతులు చేసుకుంది. అత్తగారు పక్కన కూర్చొని వీపు నిమురుతూ తానూ ఏడ్చారు.

ఆకలి చాలావరకు తగ్గింది. కాని తినాలనే కోరిక పోలేదు. అది కడుపులో ఉండేది కాదని అప్పుడు తెలిసింది. సాయంత్రం నాలుగింటికి వంటింట్లో డబ్బాలు తెరచి చూసేది. ఎందుకు తెరిచిందో తనకే తెలియదు. తన తల్లి చనిపోయిన సంవత్సరం నుండి ఆ గంటకు ఏదో ఒకటి తింటూ వచ్చానని మెల్లగా గుర్తుపట్టింది. ఆ గంటకు ఇద్దరమూ నడకకు వెళ్ళడం మొదలుపెట్టాము. తల్లిని గూర్చి మాట్లాడుకున్నాము. పదకొండేళ్ళ తరువాత ఆమె తల్లి కొరకు నిజంగా దుఃఖపడింది ఆ నడకలలోనే.

నాలుగవ నెలలో జుట్టు గుప్పెళ్ళుగా ఊడింది. కొన్ని నెలలకు మళ్ళీ వస్తుందని డాక్టరుగారు చెప్పారు, వచ్చింది. ఆరు నెలలకు బరువు 90, ఏడాదికి 82. షుగరు మాత్రలు రెండు నుండి ఒకటికి, తరువాత అదీ ఆగింది. గురక తగ్గింది. ఆయన చీకటిలో లేచి కూర్చోవడం మానేశారు.

ఈలోగా ఏప్రిల్ మొదటి ఆదివారం వచ్చింది. ఆరు వారాల తరువాత ఆమె ప్రభు బల్ల యొద్దకు వెళ్ళింది. చిన్న రొట్టె ముక్క, బొటనవ్రేలంత గిన్నెలో ద్రాక్షారసం. చుట్టూ అందరి చేతులలోనూ అంతే ఉంది. ఎన్నో ఏళ్ళుగా విందులలో తన కంచం మీద పడే చూపులు ఎరిగిన మనిషి, అందరికీ ఒకే కొలత ఉన్న ఆ బల్ల యొద్ద తల ఎత్తుకొని నిలబడింది. సంతోషంగా ఇంటికి వచ్చాము. ఒక ముల్లు మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంది.

మా మౌనం చేసిన పని

ఆపరేషన్‌కు వెళ్ళేటప్పుడు సంఘంలో “పిత్తాశయంలో రాళ్ళు” అని చెప్పాము. ఇద్దరమూ కూడబలుక్కొని చెప్పాము. బరువు తగ్గడం కంటికి కనబడేసరికి ప్రశ్నలు మొదలయ్యాయి. ఆమె క్రమంగా శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు వెళుతుంది గనుక “ఉపవాస ప్రార్థన ఫలితం” అని ఎవరో అన్నారు. మేము అవుననలేదు. కాదనీ అనలేదు. నవ్వి ఊరుకున్నాము. స్త్రీల సమాజంలో ఒకరిద్దరు దానిని సాక్ష్యంగా కూడా చెప్పారు. మేము ఆమేన్ అన్నాము.

2022 నవంబరులో ఒక శుక్రవారం ప్రార్థన జరుగుతుండగా మా వెనుక చాప మీద కూర్చున్న ఒక సహోదరి చెమటలు పోసి, మాట తడబడి ఒరిగిపోయింది. ఆమె కూడా బరువైన మనిషి, షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటుంది. ముందురోజు రాత్రి ఇన్సులిన్ వేసుకొని, ఆపై ఏమీ తినకుండా, డాక్టరును అడగకుండా వచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. షుగరు 42కు పడిపోయింది. ఇంకొంత ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమన్నారు.

గ్లూకోజు ఎక్కి తెలివి వచ్చాక ఆమె మా చెయ్యి పట్టుకొని, “అక్కకు దేవుడు చేసింది నాకు చెయ్యడా అనుకున్నాను” అంది.

ఆ రాత్రి మేమిద్దరమూ భోజనం చేయలేదు. మేము అబద్ధమాడింది మా పరువు కొరకు. దాని ధర వేరొకరు చెల్లించారు. అంతకన్న ఘోరమైన సంగతి, చేయని అద్భుతాన్ని దేవుని పేర అంటగట్టి, ఆయన నిజంగా చేసిన మేలును మూసిపెట్టాము. సర్జను చేతి నేర్పు, మందులు, నర్సమ్మ పట్టుకొని నడిపించిన పది అడుగులు, ఇవన్నీ ఆయన దయ కాదా?

మరునాడు కాపరిగారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మమ్మల్ని మందలిస్తారనుకున్నాము. చివరకు, “ఎగ్లోను రాజును గూర్చి చేతులు చాపి చూపింది నేనే కదమ్మా. నా దగ్గరకు ఎలా వస్తారు?” అన్నారు. మేమేమీ అనలేకపోయాము. అమ్మగారు లోపలి నుండి వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ముగ్గురి కన్నీళ్ళ మధ్య కాపరిగారు క్షమాపణ ప్రార్థన చేశారు. అందులో మొదట తన పేరు చెప్పుకున్నారు.

డిసెంబరు 4, ఆదివారం. ప్రభు బల్లకు ముందు మేమిద్దరమూ లేచి నిలబడి, ఆపరేషన్ సంగతీ, అబద్ధం సంగతీ సంఘం ముందు ఒప్పుకున్నాము. కొందరు తల వంచుకున్నారు. ఒకరిద్దరు నేటికీ మాతో సరిగా మాట్లాడరు. నమ్మకం పోగొట్టుకోవడానికి ఒక మాట చాలు, తిరిగి పొందడానికి ఏళ్ళు పడుతుంది. మేము నొచ్చుకోవడం లేదు. ఒరిగిపోయిన ఆ సహోదరి మాత్రం ఆరాధన అయ్యాక వచ్చి ఆమెను కౌగలించుకుంది.

దినదినమూ కొలత

మీలో ఎవరైనా ఈ ఆపరేషన్‌ను గూర్చి ఆలోచిస్తున్నట్లయితే ఉన్నదున్నట్లు చెబుతాము. దీనితో కథ ముగియదు. మూడవ సంవత్సరంలో ఆమె బరువు 82 నుండి 86కు పెరిగింది. బిస్కట్లు, తీపి పానీయాలు చిన్న కడుపులోనుండి కూడా సులువుగా జారిపోతాయి. మళ్ళీ డైటీషియన్ దగ్గరకు వెళ్ళి మొదటి పాఠం నుండి నేర్చుకుంది. వదులైన చర్మం వ్రేలాడుతుంది. కొందరికి పులితేన్పులు, మంట ఎక్కువవుతాయి. పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. ఆగకుండా వాంతులవుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది అందరికీ తగినది కాదు. 2025లో వారానికొకసారి వేసుకొనే బరువు తగ్గే ఇంజెక్షన్లు మన దేశంలోనూ వచ్చాయి. ఏది ఎవరికి తగునో వైద్యుడే చెప్పాలి. మా సహోదరి ఆపరేషన్‌కు వెళ్ళలేదు. మంచి డాక్టరును చూపించుకొని, మందులు మార్చుకొని, నడుస్తూ ఉంది. ఆమె ఇప్పుడు శుక్రవారాలు కూడికకు పాలు, ఇడ్లీ తిని వస్తుంది. ప్రార్థనలో ఏ లోటూ లేదు.

షుగరు మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకొనేవారు డాక్టరును అడగకుండా ఉపవాసముండవద్దని మా సంఘంలో ఇప్పుడు ప్రతి ఉపవాస కూడికకు ముందు ప్రకటిస్తారు. గుడిలో చేతులు లేని బలమైన చెక్క కుర్చీలు నాలుగు చేరాయి. ఎవరు ఇచ్చారో చెప్పలేదు. ప్రేమవిందులో “ఇంతేనా తినేది?” అనిగాని, “ఇంత తింటావా?” అనిగాని అడగడం తగ్గింది. పూర్తిగా పోలేదు.

అరణ్యములో ఇశ్రాయేలీయులకు మన్నా ఏ రోజుకారోజు కొలత ప్రకారం దొరికింది. రేపటికని దాచుకున్నది పురుగుపట్టింది. మా ఇంట్లో ఆ పాఠం ఇప్పుడు అరచేయంత గిన్నెతో నడుస్తోంది. ఆమె తన భాగం మెల్లగా తింటుంది. ఆయన ఆమెతో సమానంగా మెల్లగా తినడం నేర్చుకుంటున్నారు. అత్తగారు ఇంకొక్క ముద్ద అనబోయి, నోటి మీద చెయ్యి పెట్టుకొని నవ్వేస్తారు.

ఇట్టి భారంతో నలుగుతున్న కుటుంబాలు తమ కాపరితోనో, నమ్మకమైన ఒక్క స్నేహితునితోనో మాట్లాడాలని బతిమాలుకుంటున్నాము. బరువైన మనిషి మీ సంఘంలో ఉంటే, దయచేసి ముందు ఒక మంచి కుర్చీ వేయండి. మా కొరకు ప్రార్థించండి. మేమును మీ కొరకు ప్రార్థిస్తున్నాము.